నర్సరీ చూడ్డానికి వెళ్తే ముందు ఆయమ్మని చూడండి

ఫిబ్రవరి వచ్చిందంటే శ్రీకాకుళంలో కరెంటు స్తంభానికొక స్కూలు వేలాడుతుంది. ఏడు రోడ్ల కూడలిలో చూసినా, డే అండ్ నైట్ జంక్షన్‌లో చూసినా, పాలకొండ రోడ్డులో చూసినా ఫ్లెక్సీలే. ఫ్లెక్సీ నిండా టై కట్టుకుని నవ్వుతున్న పిల్లలు, ఆ పిల్లలు ఈ ఊరివాళ్లు కాదని చూడగానే తెలిసిపోతుంది, ఇంటర్నెట్‌లో ఎక్కడో దొరికిన ఫొటోలు. కింద డిజిటల్ క్లాస్‌రూమ్, ఏసీ, సీసీ కెమెరాలు, అబాకస్, ఫోనిక్స్, ఈ మధ్య కొత్తగా రోబోటిక్స్ కూడా. నర్సరీకి! ఇన్ని రాసినవాళ్లు మా దగ్గర ఆయమ్మలు ఇంతమంది ఉన్నారు, ఇన్నేళ్లుగా ఉన్నారు అని రాయగా నేను ఇంతవరకు చూడలేదు.

నా వాదనంతా అక్కడే. మూడేళ్ల పిల్లకి స్కూలు వెతికేవాళ్లు సిలబస్ గురించి, బ్రాంచి గురించి, బిల్డింగు గురించి అడగడం కాసేపు ఆపి, ఆయమ్మ గురించి అడగాలి. మిగతావన్నీ తర్వాత. ఈ మాట అంటే మా ఆఫీసులో నవ్వారు, మా ఆయన కూడా మొదట నవ్వాడు. ఆయన పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తాడు, నేను ఊళ్లోనే ఉద్యోగం, ఇంట్లో మోకాళ్ల నొప్పులతో మా అత్తయ్య, మూడు నిండిన పాప. అంటే శ్రీకాకుళంలో సగం ఇళ్లలో ఉండే సంసారమే మాదీ. కాబట్టి ఇది డబ్బున్నవాళ్లు తీరిగ్గా చేసే చర్చ అనుకోకండి.

స్కూల్లో మూడేళ్ల పిల్ల రోజు ఎలా గడుస్తుందో ఒకసారి ఊహించుకోండి. గేటు దగ్గర దిగేసరికి ఏడుపు, ఎత్తుకునేది ఆయమ్మ. బూటు ఊడిపోతుంది, తొడిగేది ఆయమ్మ. టిఫిన్ డబ్బా మూత రాదు, తీసేది ఆవిడే, సగం తిని సగం గౌను మీద పోసుకుంటే తుడిచేదీ ఆవిడే. ఒంటికి వస్తే తీసుకెళ్లాలి, రెంటికి వెళ్తే కడగాలి, అప్పటికే చెడ్డీ తడిసిపోతే మార్చాలి, వాంతి చేసుకుంటే నోరు కడిగి, ఇంటికి ఫోన్ చెయ్యమని మేడమ్‌కి చెప్పాలి, పదకొండున్నరకి నిద్రతో తూలిపోతుంటే భుజాన వేసుకోవాలి. ఈ మధ్యలో టీచరు గారు రైమ్స్ చెప్తారు, రంగులు చూపిస్తారు, ఏ ఫర్ ఆపిల్ అనిపిస్తారు. టీచర్లని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు, ఒక గదినిండా చంటిపిల్లల్ని పెట్టుకుని పొద్దు గడపమంటే నా వల్ల అయితే కాదు. కానీ పిల్ల ఒంటి మీద చెయ్యి పడేదంతా ఆయమ్మదే. ఆ చెయ్యి విసుక్కునే చెయ్యా, ఓపికున్న చెయ్యా అన్నది ఏ బ్రోషర్లోనూ ఉండదు. మనం ఏడాది ఫీజు కట్టేసి, పిల్లని ఎవరి చేతిలో పెట్టామో ఆవిడ పేరు కూడా తెలుసుకోకుండా ఆఫీసుకి వెళ్లిపోతాం.

ఇది నాకొక్కదానికే వచ్చిన ఆలోచన కూడా కాదు. ప్రైవేటు ప్లే స్కూళ్ల కోసం జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. 20 మంది పిల్లలకి ఒక టీచరు, వాళ్లతో పాటు పిల్లల్ని చూసుకునే మనిషి ఒకరు ఉండాలి అంటాయవి. మూడేళ్లు నిండనివాళ్లని చేర్చుకోవద్దు, రోజుకి మూడు నాలుగు గంటలకి మించి ఉంచొద్దు అని కూడా అంటాయి. మేము చూసిన స్కూళ్లలో నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ మూడింటికీ కలిపి ఒకే ఆయమ్మ ఉన్నవి ఉన్నాయి. ఆవిడే గదులు ఊడవాలి, బెల్లు కొట్టాలి, వాటర్ క్యాన్లు ఎత్తిపెట్టాలి, ఆఫీసులోకి టీ పట్టుకెళ్లాలి. ఆ టీ పట్టుకెళ్లినంతసేపూ నర్సరీ పిల్ల బాత్రూమ్ గుమ్మంలో నిలబడి ఉంటుంది.

ఒకచోట ప్రిన్సిపాల్ గారు చాలా మర్యాదగా కూర్చోబెట్టారు, స్మార్ట్ బోర్డు వేసి ఏనుగు తొండం ఊపడం చూపించారు, మా పాప కళ్లప్పగించి చూసింది. అంతా అయ్యాక, మీ నర్సరీ ఆయమ్మ ఎన్నాళ్లుగా పనిచేస్తోందండీ అని అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "అవన్నీ మా అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ గారు చూసుకుంటారు మేడమ్" అన్నారు. ఇంకోచోట మేడమ్ నిజాయితీగానే చెప్పింది, "వీళ్లు మూణ్నెల్లకోసారి మారిపోతుంటారండీ, ఏం చేస్తాం". ఏం చెయ్యాలో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు, జీతం పెంచాలి. మూణ్నెల్లకోసారి ఆయమ్మ మారిందంటే, మూణ్నెల్లకోసారి కొత్త మనిషి ముందు గౌను ఎత్తుకుని నిలబడాలి చంటిది. పెద్దవాళ్లం, మనకే కొత్త డాక్టరు దగ్గర నోరు పెగలదు.

స్క్రీన్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కూర్చుని తెర చూసేది గంట దాటకూడదు, మూడు గంటలైనా ఒళ్లు కదిలేలా ఆడుకోవాలి, పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు నిద్రపోవాలి. ఆ గంటా ఇంట్లో అన్నం తినేటప్పుడే అయిపోతోంది కదా మనకి. ఇక డిజిటల్ క్లాసుకి అదనంగా డబ్బు కట్టడం దేనికో నాకు అర్థం కాదు.

మాట దగ్గరికి వద్దాం. ఒక స్కూల్లో నర్సరీ నుంచే నో తెలుగు అని గర్వంగా చెప్పారు. పిల్ల బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఇంగ్లీషులో అడగాలట, అలవాటైపోతుందట, మొదటి నెల మాత్రం కాస్త ఇబ్బంది పడతారట. ఆ ఇబ్బంది అంటే ఏమిటో మనందరికీ తెలుసు, తడిసిన బట్టలతో బెంచీ మీద కూర్చోవడం. మూడేళ్ల పిల్లకి కడుపు నొప్పి, భయం, ఎవరైనా గిల్లితే గిల్లారని చెప్పడం, ఇవన్నీ ఇంట్లో మాట్లాడే మాటలోనే వస్తాయి. మా పాపకైతే అది కూడా వాళ్ల నానమ్మ మాటలో వస్తుంది. ఎవరైనా తనతో తప్పుగా ప్రవర్తించినా సరే, ఆ సంగతి మనదాకా రావడానికి దాని దగ్గర ఉన్నది ఆ మాట ఒక్కటే. దాన్ని గేటు బైట వదిలేసి లోపలికి రమ్మంటే ఎలా?

గిడుగు రామమూర్తి పంతులు గారు మనవాడు, 1863లో ఇక్కడికి దగ్గర్లోని పర్వతాలపేటలో పుట్టాడు. ఆయన వ్యావహారిక భాష కోసం పోరాడాడని అందరికీ తెలుసు గానీ, పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్నప్పుడు సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారు చేసి బడి పెట్టించిన సంగతి అంతగా చెప్పుకోం. ఇప్పుడు ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి నర్సరీ పిల్లలకి పంచెలు కట్టి, పట్టు లంగాలు వేసి వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెడతారు, మర్నాటి నుంచి మళ్లీ నో తెలుగు. 2020 జాతీయ విద్యా విధానమూ ఇదే అంటోంది, వీలైనంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమని. ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు. నాకూ కావాలి, ఇంగ్లీషు సరిగ్గా రాక ఇంటర్వ్యూల్లో నేను పడ్డ టెన్షన్ నా కూతురు పడకూడదు. ఆయమ్మతో మాత్రం తెలుగులో మాట్లాడనివ్వండి అంటున్నాను, అంతే.

రాత గురించి ఎక్కువ చెప్పను. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి, మూడేళ్ల వయసులో వాటిలో చాలావరకు ఇంకా మెత్తగానే ఉంటాయి, గట్టిపడడానికి ఏళ్లు పడుతుంది. అలాంటి చేతికి నాలుగు గీతల పుస్తకం ఇచ్చి పేజీ నింపమంటే వచ్చేది చేతినొప్పి, ఆ తర్వాత చదువంటే విసుగు. ఏ స్కూలు నర్సరీలో హోంవర్కు ఇస్తామని గొప్పగా చెప్తుందో ఆ స్కూలు గేటు దాటి వచ్చెయ్యండి.

మాంటిస్సోరి బోర్డు గురించి కూడా ఒక మాట. ఆ పేరుతో ఉన్న బోధన పద్ధతిని తయారుచేసిన మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో, శాన్ లొరెంజో అనే పేదల వాడలో మొదటి బడి పెట్టింది, 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం వల్ల అనుకోకుండా ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయింది. ఆ పేరు ఏ ఒక్కరి సొంతమూ కాదు, ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు, రాసుకుంటున్నారు. అక్కడ మూడేళ్లవాళ్లు, ఐదేళ్లవాళ్లు ఒకే గదిలో కలిసి, ఎవరి పని వాళ్లు ఎంచుకుని చేసుకుంటున్నారా అని చూడండి. వరసల్లో బెంచీలు వేసి ఉంటే అది బోర్డు మాత్రమే.

మా అత్తయ్య పద్ధతి వేరు. నేను బ్రోషర్లు పరిచి కూర్చుంటే ఆవిడ ఒకటే మాట అంది, "లోన ఏటి సూపిత్తారో అదే సూత్తావు నువ్వు. ఇడిసిపెట్టే యేలకి గేటు కాడ నిలబడి ఆ గుంటల మొకాలు సూడమ్మా". అలాగే నిలబడ్డాం. చాలా తెలుస్తుంది, నిజంగా. ఏ పిల్ల పొద్దున వేసుకొచ్చిన బట్టల్లో కాకుండా స్పేర్ బట్టల్లో వస్తోంది, అంటే అక్కడ మార్చేవాళ్లున్నారు, మంచిదే. ఏ పిల్ల తడిసిన బట్టలతోనే వస్తోంది. డబ్బాలు నిండుగా వెనక్కి వస్తున్నాయా, ఖాళీగానా. ఆయమ్మ పిల్లని ఆటో ఎక్కించేటప్పుడు చంకలో చెయ్యేసి ఎత్తుతోందా, రెక్క పట్టుకుని లాగుతోందా. ఆటోలో ఎంతమందిని కుక్కుతున్నారు, ఆటో కదిలాక పక్కకి వేలాడుతున్న చేతులెన్ని. ఇవి చూడ్డానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. పల్లీల బండి దగ్గర నిలబడితే చాలు.

ఇంకొకటి ఎవరూ అడగనిది, మెట్లు. నర్సరీ ఏ అంతస్తులో ఉంది, దిగడానికి దారులెన్ని, వంటగది ఎక్కడ. 2004 జూలై 16న కుంభకోణంలో ఒక స్కూలు వంటశాల నుంచి అంటుకున్న మంటలో 94 మంది చిన్నపిల్లలు చనిపోయారు, పైన తాటాకు కప్పు, దిగడానికి ఇరుకు మెట్లు. మన దగ్గర తాటాకులు పోయి రేకులొచ్చాయి, మెట్లు మాత్రం చాలాచోట్ల అంతే ఇరుకుగా ఉన్నాయి. ఆ రేకుల కింద ఏప్రిల్ నెలలో, మన సముద్రపు ఉక్కలో, పదకొండు దాటాక ఎలా ఉంటుందో ఒక్క పావుగంట కూర్చుని చూడండి. నేను కూర్చున్నాను. ఆ స్కూల్లో ప్రిన్సిపాల్ గదిలో ఏసీ ఉంది.

ఇక అసలు గట్టి వాదన అవతలి వైపు నుంచి ఒకటుంది, దాన్ని తప్పించుకోను. నువ్వేమో మూడు గంటలు చాలంటావు, మరి తల్లి ఉద్యోగం? పెద్ద స్కూళ్లలో నాలుగింటి దాకా ఉంచుకుంటారు, అందుకే వేస్తున్నాం అంటారు చాలామంది, నిజమే, నా పరిస్థితీ అదే. అయితే అప్పుడు మనకి కావలసింది నర్సరీ కాదు, పిల్లని చూసుకునే చోటు, శిశు సంరక్షణ కేంద్రం, అంటే క్రెష్. ఆ రెంటినీ ఒకటి చేసేసి, నాలుగింటి దాకా ఉంచుకోవడానికి డబ్బు కడుతూ, ఆ టైము నింపడానికి వాళ్లు పెట్టే చదువునంతా పిల్ల నెత్తిన వేస్తున్నాం. చట్టంలో ఈ ఏర్పాటు ఉంది కూడా. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో, 30 మంది కంటే ఎక్కువ ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్లలోపు పిల్లలకి గది ఉండాలి, చూసుకునే మనిషి ఉండాలి అని ఉండేది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి 50 మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ పెట్టాలన్నారు, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చన్నారు. పైడిభీమవరం బస్సుల్లో రోజూ పొద్దున్నే ఎంతమంది ఆడపిల్లలు వెళ్తున్నారో చూస్తూనే ఉన్నాం. మీ దగ్గర క్రెష్ ఉందా అని హెచ్ఆర్‌ని ఎప్పుడైనా అడిగారా? అడిగితే ఉద్యోగానికి ఎసరొస్తుందని భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ కంపెనీని అడగలేని మాటకి బదులు మూడేళ్ల పిల్లని ఏడు గంటలు బెంచీ మీద కూర్చోబెడుతున్నామన్నది మాత్రం ఒప్పుకోవాలి.

అంగన్‌వాడీ ఎందుకు చూడలేదు అని అడుగుతారు. చూశాం. 1975 అక్టోబర్ 2న మొదలైన పథకం అది, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి బడి ముందు చదువు, తిండి రెండూ ఇవ్వాలన్నది దాని ఉద్దేశం, గుడ్డూ పాలూ వేడన్నం పెడతారు. ఏ కార్పొరేట్ నర్సరీ పెట్టదు. పైగా నేను అడుగుతున్న మనిషి అక్కడ పద్ధతి ప్రకారమే ఉంటుంది, టీచరుతో పాటు ఆయా. మా వీధి కేంద్రంలో ఆయా అదే వీధి మనిషి, అందరి పిల్లలూ ఆవిడకి ఇంటిపేర్లతో సహా తెలుసు. మా ఆయనకి నామోషీ, నాకు లేదు. కానీ అది ఒకే గది, అద్దె ఇల్లు, బాత్రూమ్ ఇంటి ఓనరుతో కలిపి వాడాలి, అక్కడ ఆగిపోయాను. బాత్రూమ్ బాగున్న కేంద్రం మీ వీధిలో ఉంటే నామోషీ పక్కనపెట్టి వెళ్లి చూడండి.

అంగన్‌వాడీలది చెప్పాను కాబట్టి జీతాల మాటా చెప్పాలి. 2023 డిసెంబర్ 12 నుంచి మన రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి టీచరుకి నెలకి 11,500, ఆయాకి 7,000. వాళ్లు అడిగింది 26,000. మధ్యలో ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే చట్టం, ప్రయోగించారు. ఆ రోజుల్లో మా ఆఫీసులో, ఇంట్లో కూర్చోబెట్టి పిల్లల్ని ఆడించడానికి అంత జీతమా అని ఒకాయన అన్నాడు. ఆయన మనవడు ఇంట్లో ఉంటే మధ్యాహ్నానికల్లా తలనొప్పి వస్తుందని చెప్పేదీ ఆయనే. ప్రైవేటు స్కూళ్లలో నేను అడిగి తెలుసుకున్నచోట్ల ఆయమ్మ జీతం ఆ 7,000 కంటే తక్కువే. స్కూల్లో అందరికంటే తక్కువ జీతం తీసుకునే మనిషి చేతిలో అందరికంటే చిన్నపిల్లల్ని పెడుతున్నాం, పెట్టి సీసీ కెమెరా ఉందా అని అడుగుతున్నాం.

మరి నర్సరీలోనే మంచి స్కూల్లో వెయ్యకపోతే ముందుముందు సీటు దొరకదు అంటారు. హైదరాబాదులో ఏమో, శ్రీకాకుళంలో సీటు దొరక్క చదువు ఆగిన పిల్లని నేను చూడలేదు. జూలైలో కూడా టీచర్లు ఎండలో పడి ఇంటింటికీ వచ్చి పాంప్లెట్లు ఇస్తూనే ఉంటారు పాపం, అడ్మిషన్ టార్గెట్లట వాళ్లకి. తొందర కూడా అక్కర్లేదు. జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి, కేంద్రీయ విద్యాలయాల్లో 2022-23 నుంచి ఆ నియమం పాటిస్తున్నారు. రెండున్నరకే నర్సరీలో వేసి పరిగెత్తించిన పిల్ల అక్కడికి వెళ్లాలంటే యూకేజీ అయ్యాక ఆగి కూర్చోవాలి.

చివరికి మేము చేర్చింది మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక చిన్న స్కూలు, పాత పెంకుటింట్లో, ముందు అరుగు, వెనక జామచెట్టు. ఆయమ్మ మొదటినుంచీ ఆవిడే ఉందట. చేరిన కొత్తలో ఓ రోజు నన్ను గేటు దగ్గర ఆపి, "పాపకి పాలు పడవేటమ్మా? రోజూ బాటిల్లో వొగ్గేత్తంది, మజ్జిగెట్టి సూడు" అంది. మజ్జిగ పెట్టాం, తాగుతోంది. అంతా బ్రహ్మాండంగా ఉందని కాదు. ఆడుకోవడానికి జాగా చాలదు, వానొస్తే అరుగు మీదకి జల్లు కొడుతుంది, మొన్నటిదాకా వద్దన్న రాతపని తల్లిదండ్రులు గొడవ చేశారని వారానికి రెండు పేజీలు మొదలుపెట్టారు, నేను చెయ్యించడం లేదు. మా ఆయన ఎల్‌కేజీకి పెద్ద స్కూలుకి మార్చేద్దామంటున్నాడు, ఆ యుద్ధం ఇంకా నడుస్తోంది. వచ్చే ఏడాది పిల్లల సంఖ్య పెరుగుతుంది, ఆయమ్మ మాత్రం ఒక్కతే ఉంటుంది, అదీ నా బెంగ.

అందుకే పేరెంట్స్ మీటింగులో వార్షికోత్సవానికి తలకి 1,200 చొప్పున డ్రెస్సు డబ్బులు అడిగినప్పుడు, అద్దె డ్రెస్సులు మానేసి ఆ డబ్బుతో ఇంకో ఆయమ్మని పెట్టండి, ఉన్నావిడకి జీతం పెంచండి అన్నాను. కరస్పాండెంట్ గారు "చూద్దామండీ" అన్నారు. ఇద్దరు తల్లులు బైటకొచ్చాక నువ్వు అడిగింది బాగుంది, జూన్‌లో ఫీజు కట్టేటప్పుడు అందరం కలిసి అడుగుదాం అన్నారు. ఆ పక్కనే నిలబడ్డ ఓ తండ్రి మాత్రం, ముందు ఏసీ పెట్టించమని అడుగుదామండీ అన్నాడు.